తాతయ్య మాట పూర్తయ్యేదాకా

ఇంగ్లీషు పీరియడంటే నుత్సకు కునుకు వేళ. లమారా టీచర్ తిట్టీ తిట్టీ విసిగిపోయింది. పైగా ఈ పిల్ల, "నేర్చుకుంటే నాకేం ఒరుగుతుంది టీచర్?" అని ఎదురడిగేది.

ద్రాక్ష కోతల విందులో జవాబు దొరికింది. నుత్స తాత తమాజ్ ఆ విందుకు పెద్ద. వాళ్ల కఖేతి సీమలో విందు పెద్ద గ్లాసెత్తి మాట్లాడుతుంటే, ఆ మాట పూర్తయ్యేదాకా ఎవరూ గుటక వేయకూడదు. ఆ ఏడాది విదేశీ అతిథులొచ్చారు. తాత చనిపోయిన భార్యను తలుచుకుని, ఆమె నాటిన తీగలను చూస్తే గుండె తరుక్కుపోతోందని చెప్పుకొస్తున్నాడు. పట్నం నుంచి వచ్చిన దుబాసీ ఆవులిస్తూ, "ఆరోగ్యంగా ఉండమంటున్నాడు" అని ఇంగ్లీషులో తేల్చేశాడు. ఆ ముక్క నుత్సకు కూడా అర్థమైంది. అతిథులు నవ్వుతూ గటగటా తాగేశారు.

తాత మొహం చిన్నబోయింది. "ఇక వీళ్ల ముందు నోరు విప్పను" అని కూర్చున్నాడు. మహా పట్టుదల మనిషి. నుత్సకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడే నుత్స టీచర్ వెంట పడింది. "గుండె తరుక్కుపోయింది అనాలంటే ఎట్లా టీచర్?"

"ముందు నీ పేరు చెప్పడం నేర్చుకోవే తల్లీ!"

"పేరు వాళ్లే అడుగుతార్లెండి. నాకు తరుక్కుపోవడమే కావాలి."

చలికాలమంతా కోళ్ల ముందు గ్లాసెత్తి ఇంగ్లీషులో ఉపన్యాసాలు దంచింది. టీచర్ కూడా బడి అయ్యాక ఆగి మరీ చెప్పింది.

మళ్లీ కోతలు, మళ్లీ వాళ్లే అతిథులు. తాత మూగనోము పట్టాడు.

"లే తాతయ్యా, నువ్వు చెప్పు. నేను ఇంగ్లీషులో చెప్తా."

"నువ్వా? క్లాసులో గురక పెట్టే దానివి!"

"నువ్వు చెప్పకపోతే నానమ్మ సంగతి వీళ్లకెవరు చెప్తారు?"

తాత లేచాడు. ఆయన ఒక్కో మాటా అంటుంటే నుత్స దాన్ని ఇంగ్లీషులో అందుకుంది. తీగలు కత్తిరించడం దగ్గర మాట దొరక్క తడబడింది. సిగ్గుపడకుండా వేళ్లతోనే కత్తిరించి చూపించి ముందుకు సాగింది. ఎత్తిన గ్లాసులు ఎత్తినట్టే ఉన్నాయి. ఒక్కరూ గుటక వేయలేదు. నుత్స గుండె ఉప్పొంగింది.

"అయిపోయింది, ఇక తాగండి" అని నుత్స అన్నా, నెరిసిన జుట్టు అతిథి ఒకావిడ తాగలేదు. లేచి నిలబడి, తన భర్త పోయాక ఆయన పెంచిన తోటలోకి మళ్లీ అడుగు పెట్టలేకపోయానని చెప్పింది. నుత్స అక్షరం వదలకుండా తాతకు చెప్పింది.

ముసలాయన కళ్లు తుడుచుకుని బల్ల చుట్టూ నడిచి వెళ్లి, ఆమె పక్కన కూర్చున్నాడు.

"నుత్సా! కుర్చీ తెచ్చి మా మధ్య వేసుకోవే. నేనింకా చాలా చెప్పాలి."