ఈదమ్మ చెట్టు కింద పొగ

నేను ఒక దుర్భిణిని. ఈ కాలం వాళ్లు బైనాక్యులర్ అంటారు. ఎలా పిలిచినా పలికేది లేదు గనుక నాకు పట్టింపు లేదు. ఉత్తరాదిలో ఒక కర్మాగారంలో ముక్కూ మొహం తెలియని మనిషెవరో నా అద్దాలను వారాల తరబడి అరగదీశాడు. దూరాన్ని దగ్గర చేసి చూపడం ఒక్కటే నాకు అబ్బింది. చూసినదానికి బాధపడటం అబ్బలేదు. అదీ మంచిదే అయింది, నల్లమల కొండలు తగలబడటం చూడటంతోనే నా బతుకంతా సరిపోయింది మరి.

నన్ను మొదట చేతబట్టినవాడు గోపాలాచారి అనే రేంజ్ ఆఫీసరు. నిప్పు పేరెత్తితే ఒంటికాలి మీద లేచేవాడు. అంతకుముందు చెంచులు చలి పూర్తిగా పోకముందే, ఆకుల్లో తేమ ఉండగానే, అక్కడక్కడ చిన్న చిన్న మంటలు పెట్టి అడవిని పలచన చేసేవారట. ఆయన వాటన్నిటినీ మాన్పించాడు. వాళ్లు మానేశారు. ఆకులు మాత్రం రాలడం మానలేదు. ఏడేళ్లు పరుపుల్లా పేరుకున్నాయి. ఎనిమిదో ఏట ఎవడో బాటసారి పారేసిన బీడీకి నాలుగు కొండలు పదకొండు రోజులు కాలాయి. ఆయన నన్ను కళ్లకు ఆనించుకుని అంతా చూసి, బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు.

తర్వాత వచ్చినవాళ్లు తెలివి తెచ్చుకున్నారు. మంట ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోకుండా అడ్డంగా బాటలు కొట్టించి, వాటిలో ఆకును తామే దగ్గరుండి కాల్పించారు. సర్కారు కాలిస్తే ఫైర్ లైన్, చెంచు కాలిస్తే కేసు. ఆ తేడా నాలోంచి ఎంత చూసినా కనబడేది కాదు.

చేతులు మారి మారి చివరికి బయ్యన్న మెడలో పడ్డాను. బయ్యన్న చెంచే. కొండ మీది మంచె ఎక్కి కూర్చుని, పొగ కనబడగానే వైర్‌లెస్‌లో చెప్పడం అతని ఉద్యోగం. ఎదుటి వాలు మీద ఇప్పచెట్లున్నాయి. ఏ చెట్టు ఏ ఇంటిదో తాతల నాడే పంచుకున్నారు, ఒకరి చెట్టు కింది పువ్వు ఇంకొకరు ఏరరు. ఎండుటాకుల్లో రాలిన పువ్వు కనబడదని, రాలే ముందే చెట్టు కింద ఆకు కాలుస్తారు. అందుకని బయ్యన్నకు పొగ లేచిన చోటు చూస్తే చాలు, పెట్టిన మనిషి పేరు తెలిసిపోయేది. పేరు తెలిశాక చెయ్యి వైర్‌లెస్ మీదికి పోయేది కాదు. ఒక బీడీ ముట్టించేవాడు. అది అయిపోయేలోపు పొగ ఆగిపోతే పైకి ఏమీ చెప్పేవాడు కాదు. పదహారేళ్లలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

వాలు చివర మూడు చెట్లు అతని అక్క ఈదమ్మవి. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలతో ఆ పువ్వు మీదే నెట్టుకొస్తుండేది. నిప్పు దగ్గర ఆమె అంత జాగ్రత్త మనిషి ఇంకొకరు లేరు. చుట్టూ గుండ్రంగా ఊడ్చి, మంచు ఆరకముందే అంటించి, పచ్చి మండ పట్టుకుని బూడిద చల్లారేదాకా అక్కడే నిలబడేది.

ఆ రోజు పొద్దున ఆమె చెట్టు కింద పొగ లేచింది. బయ్యన్న నాలోంచి చూశాడు. అక్కదే అనుకుని బీడీ ముట్టించాడు. అది అయిపోయింది, పొగ ఆగలేదు. అక్కే కదా అని ఇంకోటి ముట్టించాడు. మూడు రోజులుగా ఆమె జ్వరంతో ఉందన్న సంగతి మంచె మీది మనిషికి తెలియదు. ఆకు అంటించాక అక్కడే కూలబడిపోయి ఉంటుందని తర్వాత అనుకున్నారు. రెండో బీడీ సగంలో గాలి మళ్లింది, పొగ నల్లబడింది. అప్పుడు అరిచాడు వైర్‌లెస్‌లో. అప్పటికే మంట వాగు దాటింది. రెండు కొండలు కాలాయి. మూడో రోజున గాని ఈదమ్మ దొరకలేదు.

నాకేమీ అనిపించలేదు. బయ్యన్నకూ అనిపించినట్టు లేదు. ఏడవలేదు, అన్నం పెడితే తిన్నాడు, లేవమంటే లేచాడు. నన్ను మెడలోంచి తీయడం కూడా మరిచిపోయి అలాగే పడుకునేవాడు.

వారానికి ఆఫీసులో విచారణ జరిగింది. అప్పటి రేంజ్ ఆఫీసరు కృపాకర్ చెడ్డవాడు కాదు. వైర్‌లెస్ ఆలస్యమెందుకైందో కాగితం మీద రాయాలి. బయ్యన్నను కూర్చోబెట్టి, దుర్భిణి పాతదైపోయింది, అద్దాలు మసకబారి పొగ కనబడలేదని రాస్తానన్నాడు.

బయ్యన్న నన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"గా అద్దం మంచిగనే ఉన్నది సారూ. నాకు కనబడ్డది. చూసుకుంటనే కూసున్న."

కృపాకర్ కాగితం మీంచి పెన్ను ఎత్తాడు.

"చూసిన అంటే ఎవల చెట్టో కూడ చెప్పాలె బయ్యన్నా. కేసు ఆ ఇంటి మీదికి పోతది. చెట్లు పోతయి. పిల్లలు ఏం తిని బతుకుతరు? చెప్పు, రాస్త."

తప్పు ఒప్పుకుని ఏదో ఒక శిక్ష పడితే కాస్త తేలికపడదామని వచ్చాడు బయ్యన్న పాపం. అదీ దక్కలేదు. చాలాసేపు కిటికీలోంచి నల్లగా కాలిన కొండను చూసి, కాగితం దగ్గరికి లాక్కుని వేలిముద్ర వేశాడు.

నన్ను బీరువాలో పెట్టారు. నా మెడకు 'చూపు ఆనదు, పనికిరాదు' అని చీటీ కట్టారు. ఒక్కరైనా కళ్లకు పెట్టుకుని చూస్తే అబద్ధమని తెలిసిపోతుంది, ఎవరూ చూడరు. నాకు కోపం లేదు. పనికిరాదనిపించుకోవడం కష్టమైన పనేమీ కాదు.

బీరువా పక్కన టీ తాగుతూ గార్డులు మాట్లాడుకుంటారు. బయ్యన్న ఇంకా ఆ మంచె మీదే ఉన్నాడట. ఇప్పపువ్వు కాలంలో మాత్రం తెల్లవారకముందే దిగి వస్తాడట. మేనకోడళ్లను దూరంగా కూర్చోబెట్టి, అక్క చెట్ల కింద ఆకునంతా నిప్పు పెట్టకుండా చీపురుతో ఊడుస్తాడట. మూడు చెట్లకూ పొద్దెక్కేదాకా పడుతుందట. అంత ఆకును చేత్తో ఎత్తిపోసేవాడు ఈ కొండల్లో ఎవడూ లేడని గార్డులు నవ్వుకుంటారు. ఆ తర్వాత మంచె ఎక్కుతాడట. జేబులో బీడీలు ఉండవట.