ఏసోబు మీది రాయి

మస్తాన్‌రావు గారిని ఢిల్లీ పంపింది పల్నాడు ఓట్లని అందరూ అంటారు. నేనొప్పుకోను. పంపింది నా కొడుకు సమాధి రాయి.

కృష్ణ ఒడ్డున, కొండల నడుమ లోయలో మా ఊరుండేది. ఆనకట్ట కడితే అంతా మునుగుతుందని, ముందే పాత కట్టడాలు తవ్వి తీస్తున్న రోజులవి. నేనూ, మా ఆయన అబ్రహామూ అక్కడే మట్టి పనికి పోయేవాళ్లం. మస్తాన్‌రావు గారు అప్పుడు నరసరావుపేట కాలేజీలో చరిత్ర పంతులు. సెలవులొస్తే చాలు, గొడుగేసుకుని ఆ గోతుల్లో వాలేవాడు. మా ఇంట్లో జొన్నన్నం, గోంగూర తినేవాడు. కులం పట్టింపు లేని మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి.

మా ఏసోబు మూడేళ్లవాడు జ్వరంతో పోయాడు. వాడి మీదికి కొత్త రాయి కొనే తాహతు మాకెక్కడిది? ఊళ్లో అందరూ చేసే పనే చేశాం. పొలంలో దొరికిన పాత రాతిపలక తెచ్చి, నున్నటి వైపు మా ఆయన శిలువ చెక్కి, అది పైకి కనబడేలా పరిచాడు. రెండోవైపు మట్టిలోకి పోయింది.

ఒక వానకు ఆ పలక ఒరిగింది. పంతులుగారు అడుగున చెయ్యి పెట్టి తడిమి, చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

"రూతమ్మా, ఇది శాసనమమ్మా! రాజుల నాటిది! దీన్ని నీళ్లపాలు కానివ్వను, కొండ మీద కట్టే మ్యూజియానికి చేర్పిస్తాను."

వెంటనే తెల్లరంగుతో దాని మీద నంబరు వేయించాడు.

"మా బాబును గూడానా అయ్యా?" అని అడిగాను.

ఆయన అక్షరాల మీదినుంచి తల ఎత్తకుండానే "ఆఁ, ఆఁ" అన్నాడు.

ఆ మాటే నమ్ముకున్నాం. ఊరు ఖాళీ చేసేటప్పుడు కొందరు తమవాళ్ల ఎముకలు మూటగట్టి కొత్త కాలనీకి తెచ్చుకున్నారు. "ఏమే, నీ బిడ్డను తీసుకోవేంది?" అని పక్కింటి జ్ఞానమ్మ అడిగితే, "మావోడికి సర్కారు నంబరేసిందే!" అని గొప్పగా చెప్పాను. నా నోరు పడిపోను!

ఆ శాసనం మీద పంతులుగారు పుస్తకం రాశాడు. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. పార్టీవాళ్లు ఇంటికొచ్చి మరీ టికెట్టిచ్చారు. గెలిచాడు, రెండోసారి గెలిచి ఢిల్లీలో మంత్రి కూడా అయ్యాడు.

లోయలోకి నీళ్లు ఎక్కుతున్నప్పుడు తెలిసింది, కొండకు పోయింది ఉత్త రాయేనని. ఆ వారమే మాచర్లలో మంత్రిగారి సభ. పోలీసుల్ని తోసుకుని పోయి చెయ్యి పట్టుకున్నాను.

"అయ్యా, ఒక్క పూట నీళ్లాపించండి. మావోణ్ణి తెచ్చుకుంటాం."

గుర్తుపట్టాడు. మొహం నల్లబడింది. పక్కనున్న ఇంజనీరు వైపు చూశాడు.

"దారే మునిగిందండీ" అన్నాడతను.

"మంత్రివి గదయ్యా! చెప్పయ్యా!"

"పంతులుగానే ఉంటే నీ తరఫున ఎవరినైనా ఏకిపారేసేవాణ్ణి రూతమ్మా. ఇప్పుడా ఆనకట్ట గేట్లకు కొబ్బరికాయ కొట్టింది నేనే. నా చేతిలో ఏం లేదు."

"నువ్వు ఆఁ అన్నావు గదయ్యా."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. జనం జేజేలు కొడుతూ మెడలో దండేశారు. నన్ను పక్కకు లాగేశారు.

తర్వాత లాంచీలో కొండకు పోయాం. రాయి ఉంది, గోడకు ఆనించి నిలబెట్టారు. అక్షరాలు మా వైపు, శిలువ గోడ వైపు. సందులోకి చెయ్యి దూర్చి తడిమితే మా ఆయన చెక్కిన గాటు వేలికి తగిలింది.

"ఏమ్మా, రాళ్లను ముట్టుకోకూడదు" అన్నాడు కాపలావాడు.

చెయ్యి తీసేశాను.