బదులు బోరు

రఫ్సంజాన్ పట్టణం అవతలి పిస్తా తోటల్లో ఉమ్మడి బోరు చిటికెన వేలంత ధారకు వచ్చేసింది. అందులో ఫరంగీసుకు ఒక పూట నీటి వంతు ఉంది. నికానాడు భర్త మెహర్ కానుకగా రాసిచ్చినది. భర్త పోయాక ఆమె తోట బతుకుతున్నది ఆ వంతు మీదే.

ఒక సాయంత్రం మరిది యదుల్లా వచ్చాడు. పంచదార పలుకు పంటి కింద బిగించి, టీ గుక్క మింగి సంగతి చెప్పాడు.

"మన మైదానం మీద నిషేధం ఉందిగా వదినా. కొత్త బోరు వెయ్యనివ్వరు, ఉన్నదాన్ని లోతు చెయ్యనివ్వరు. కానీ బోరు కూలిపోతే మాత్రం ఇంకోటి వేసుకోనిస్తారు. బదులు బోరు అంటారు దాన్ని. ఆ పేరుతో నీళ్లు తగిలేదాకా దించేద్దాం."

"మనది కూలలేదుగా?"

"కూలుస్తాం."

ఫరంగీసు గ్లాసు కింద పెట్టేసింది. "ఊపిరున్నదాని గొంతు మనమే పిసకాలా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"వాటాదార్లందరూ ఒప్పుకున్నారు. నువ్వొక్కదానివే మిగిలావు. రేపు చెట్లెండితే ఊరంతా నీ పేరే చెబుతుంది, నీ ఇష్టం."

ఆ మాటకే ఆమె లొంగిపోయింది.

మోటారు పైకి లాగేసి బోరులో రాళ్లు పోశారు. లోపలి ఇనుప కేసింగు గొట్టం వంగి నోరు మూసుకుంది. బోరు కూలిందని అర్జీ పెట్టారు. జలశాఖ ఇంజనీరు వచ్చి, చూసి, అనుమతి ఇచ్చాడు. పాత బోరుకు కాస్త ఎడంగా రిగ్గు దిగిన రోజు అతను కూడా వచ్చి పక్కనే నిలబడ్డాడు. పాత బోరు లోతుకు చేరగానే చెయ్యెత్తి ఆపేయమన్నాడు.

పైకి వస్తున్నది పొడి దుమ్ము.

"ఇంకాస్త దించనివ్వండి ఇంజనీరు గారూ! తడి కూడా తగల్లేదు," అన్నాడు యదుల్లా.

"బదులు బోరంటే పాత లోతుకే. ఒక్క మూర దాటినా అది కొత్త బోరు కిందే లెక్క. కొత్తదానికి ఇక్కడ అనుమతి లేదని మీకు తెలీదా?"

"ఈ లోతులో నీళ్లు లేవు కదండీ!"

"పాతదాంట్లో వచ్చేవని అర్జీలో మీరే రాశారు."

నిజమే, వచ్చేవి. పాత బోరుకు ఏ సన్నని పాయో తగిలి ఉండేది. కొత్తది దాన్ని తప్పింది.

ఇంజనీరు జీపు వెళ్లిపోయాక యదుల్లా పాత బోరు మూతి దగ్గర మోకాళ్ల మీద కూలబడి రాళ్లు పెరకసాగాడు. చేతికి అందినవన్నీ పెరికాడు. ఆ కింద వంగిన ఇనుము తగిలింది. వాటాదార్లు దూరం నుంచే బూతులు తిట్టి ఇళ్లకు పోయారు.

"లేవరా," అంది ఫరంగీసు. "వేళ్లు చీరుకుపోయాయి."

"నువ్వూ తిట్టు వదినా. తిట్టు."

"ఏమని తిట్టను? నేనూ తలూపినదాన్నేగా."

ఆ వేసవిలో పిస్తా గుత్తులు గింజ పట్టకుండానే రాలిపోయాయి. ఆకులు చెట్టు మీదే మాడాయి. చలికాలం ముందు బొగ్గుల బట్టీవాళ్లు రంపంతో వచ్చారు. ఫరంగీసు గట్టు మీద నిలబడి, ఎండిన వరసను వేలెత్తి చూపించింది. రంపం మొదటి చెట్టు మొదలును కోసింది. బెరడు కింద ఇంకా పచ్చిగానే ఉంది.

రంపంవాడు ఆగి ఆమె ముఖంలోకి చూశాడు. "ఆపమంటావా అమ్మా?"

ఆమె ఆపొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.