వెనక నుంచి వినిపించిన పిలుపు

మట్టెవాడలో సాంబయ్యకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పొద్దంతా గిన్నెల చప్పుడులో కూర్చునే మనిషికి ఇంటికొచ్చాక మళ్ళీ పాటలెందుకో అతని భార్య అనసూయకు ఎన్నడూ అర్థం కాలేదు. 1985 ఎండాకాలంలో ఆమె తమ్ముడు దుబాయి నుంచి వస్తూ బావకోసం ఒక టేప్‌రికార్డరు తెచ్చాడు. దాని రెండు స్పీకరు డబ్బాలను ఊడదీసి దూరంగా పెట్టుకోవచ్చు. ముందువైపు చిన్న మీట ఒకటి ఉంది. ఒకవైపు జరిపితే మోనో, నడుమకు తెస్తే స్టీరియో, ఆ చివరికి నెడితే వైడ్.

సాంబయ్య చాలా రోజులు ఆ మీటతోనే గడిపాడు. మోనోలో పాటంతా ఒక్క కుప్పగా వచ్చేది. స్టీరియోలో తబలా ఎడమకు, హార్మోనియం కుడికి పోయి, పాడే గొంతు నడుమ నిలబడేది. వైడ్‌లోనైతే గోడలు వెనక్కి జరిగి, గది గుడి మండపమంత అయినట్టు ఉండేది. కానీ అది అట్లా వినిపించాలంటే కూర్చోవడానికి ముందుగదిలో ఒక్కటే చోటు కుదిరింది. అక్కడ అతని తండ్రి వీరభద్రం మంచం ఉంది.

ఆ దుకాణం పెట్టింది వీరభద్రమే. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకు లాగి, మాటలో కొన్ని అక్షరాలు పలికేవి కావు. కొడుకును "సాంబా" అని పిలవబోతే "ఆంబా" అని వచ్చేది. కిటికీ పక్కన పడుకుని బజారు చూడటమే ఆయనకు మిగిలిన పని. దారిన పోయేవాళ్ళు ఆగి, "మంచిగున్నవా సావుకారీ" అని పలకరిస్తే ఎడమచేయి ఎత్తేవాడు.

"బాపూ, ఎనుకర్రల జర సల్లగుంటది. మంచం ఆడ ఏస్త" అన్నాడు సాంబయ్య ఒకరోజు.

వెనక గదికి కిటికీ లేదు. వీరభద్రం ఒకసారి బజారు వైపు చూసి తల ఊపాడు.

"మామ పొద్దంత బజారు సూసుకుంట పండుతడు. ఆయనను ఎందుకు జరుపుతాన్నవ్?" అంది అనసూయ.

"ఎండలు తగ్గేదాంక. మల్ల ఏద్దాం తియ్యి."

ఆ ఆదివారం మధ్యాహ్నం అనసూయ తమ చుట్టాలింట్లో ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసే వేడుకకు పోతూ, "మామను జర సూస్తుండు. ఏమన్న కావాలంటే పిలుస్తడు" అని చెప్పింది. ఆమె వెళ్ళిన కాసేపటికి పక్కన బట్టల దుకాణం నడిపే గట్టయ్య వచ్చాడు. చిన్నప్పటి దోస్తు. కొత్త టేపు వినమని సాంబయ్యే పిలిచాడు.

గట్టయ్యను సరిగ్గా మంచం ఉండిన చోట కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మవారి భజన క్యాసెట్ పెట్టాడు. ముందు మోనో. తర్వాత స్టీరియో. గట్టయ్య తల అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"ఇగ సూడు" అని సాంబయ్య మీటను వైడ్‌కు నెట్టాడు.

భజన ఊపందుకుంది. తాళాలు గది నలుమూలలా మోగుతున్నాయి. అంతలో "ఆంబా" అని ఒక గొంతు వెనక నుంచి వినిపించింది.

గట్టయ్య ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. "ఎవలో అమ్మవారు పూనినట్టు ఒర్రుతాండు. ఇన్నవానే? అచ్చం నా ఎనుకకెల్లి వచ్చింది!"

"గదే వైడ్ అంటె" అన్నాడు సాంబయ్య మురిసిపోతూ. "నీ ఎనుక గోడ లేదనుకో."

మళ్ళీ "ఆంబా" అని వచ్చింది, ఈసారి సన్నగా. సాంబయ్య ఇంకా బాగా వినపడాలని సౌండు పెంచాడు. ఆ తర్వాత భజన తప్ప ఏమీ వినపడలేదు.

అనసూయ తిరిగొచ్చి నేరుగా వెనక గదిలోకి పోయింది. ఆమె కేక పాటను చీల్చుకుని వచ్చింది. సాంబయ్య పరుగెత్తాడు. వీరభద్రం మంచం పక్కన నేలమీద పడి ఉన్నాడు. అందుకోబోయిన చెంబు దొర్లిపోయింది, చెంప నీళ్ళలో ఉంది, కాలు తిరగరాని వైపు తిరిగి ఉంది. ముందుగదిలో భజన ఇంకా నడుస్తూనే ఉంది.

"ముందుగాల దాన్ని బందువెట్టు!" అని అరిచింది అనసూయ.

పెద్ద దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. వరండాలో అనసూయ అడిగింది: "మామ పిలువలేదా?"

"ఇనబడలే" అన్నాడు సాంబయ్య.

పక్కనే ఉన్న గట్టయ్య తల దించుకున్నాడు.

దుప్పట్లు తేవడానికి ఇంటికి వచ్చినప్పుడు సాంబయ్య ఆ క్యాసెట్‌ను మొదటి నుంచి పెట్టాడు. ఆ పిలుపు అందులో ఉంటే బాగుండునని మనసులో దండాలు పెట్టుకున్నాడు. వైడ్‌లో విన్నాడు. స్టీరియోలో విన్నాడు. మోనోలో పెట్టి, స్పీకరు డబ్బాకు చెవి ఆనించి విన్నాడు. తాళాలున్నాయి, తబలా ఉంది, గుంపు పాడుతోంది. "ఆంబా" అన్నవాడు ఎక్కడా లేడు. బాపు పిలిస్తే నేను దోస్తుకు చూపించి మురిసిపోయాను అనుకున్నాడు. దుప్పట్లు చంకన పెట్టుకుని దవాఖానకు నడిచాడు.

దవాఖానలో తండ్రికి అన్నీ తానే చేశాడు. ఒళ్ళు తుడిచాడు, మలం ఎత్తాడు, అన్నం మెత్తగా పిసికి తినిపించాడు. పక్క మంచంవాళ్ళు, "గిసొంటి కొడుకు ఎవలకుంటడు" అన్నప్పుడల్లా లేచి బయటికి పోయేవాడు. తండ్రి మాత్రం ఏమీ అడగలేదు. ఆ మౌనం సాంబయ్యకు ఒకరోజు ఊరటగానూ, మరునాడు భరించలేనిదిగానూ అనిపించేది.

వానాకాలం మొదలయ్యాక వీరభద్రాన్ని ఇంటికి తెచ్చారు. అప్పటికి ఆయన మాట కొంత తేటపడింది. మంచాన్ని తిరిగి కిటికీ దగ్గర వేశారు. టేప్‌రికార్డరును సాంబయ్య బావమరిదికే తిరిగి ఇచ్చేశాడు. అయినా మనసు కుదుటపడలేదు. ఒక సాయంత్రం దుకాణం తొందరగా మూసి వచ్చి, తండ్రి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"బాపూ, ఆనాడు నువ్వు పిలిచింది నాకు ఇనబడ్డది. భజనల ఎవలో అమ్మవారిని పిలుస్తాండ్లనుకున్న. మంచిగొస్తాందని ఇంక సౌండ్ పెంచిన. ఇనబడలేదని అందరికి అబద్ధం చెప్పిన."

వీరభద్రం బజారు మీది నుంచి చూపు కొడుకు వైపు తిప్పాడు.

"తెల్సు" అన్నాడు. ఒక్కో మాటను కూడగట్టుకుంటూ, "గట్టయ్య... ఏడ్సుకుంట... చెప్పిండు. దవాఖానల."

"మరి నన్నెందుకు అడుగలే?"

"నువ్వే... చెప్తవని."

"కోపం రాలేదా బాపూ?"

"వచ్చింది. శాన" అన్నాడు తండ్రి. "ఇంక ఉన్నది" అన్నాడు.

అన్నం పళ్ళెంతో గడప దగ్గరికి వచ్చిన అనసూయ అంతా వింది. పళ్ళెం భర్త ముందు పెట్టింది. సాంబయ్య ముద్ద కలిపి నోటి దగ్గరికి తీసుకుపోతే వీరభద్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ రాత్రి కోడలి చేత్తోనే తిన్నాడు. మరునాడూ అంతే. సాంబయ్య రోజూ పళ్ళెం పట్టుకుని వచ్చి కూర్చునేవాడు. తండ్రి ముఖం తిప్పుకుంటే భార్యకు ఇచ్చి, అక్కడే ఉండేవాడు.

బతుకమ్మ పండుగకు ఆడవాళ్ళు పూలు తెచ్చుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అతను పప్పన్నం కలిపి చేయి చాపితే వీరభద్రం నోరు తెరిచాడు. తండ్రి నెమ్మదిగా నమిలి మింగాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

సాంబయ్య లేచి వంటింట్లోకి పోయాడు. నీళ్ళు నిండిన కళ్ళకు ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆనక, అనసూయను అడిగాడు.