వాసన సంగతి

అద్దాలాయన మాటకారి. ఆయన కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మంది కళ్ళజోడు కోసం కాదు, ఆయన కబుర్ల కోసమే వస్తారని వీధిలో అనుకునేవారు. ఫ్రేము తొడిగి, చెవుల వెనక సరిచేస్తూ, మొహంలో మొహం పెట్టి, "ఇక మీ ఆవిడ స్పష్టంగా కనిపిస్తుంది, ఆపైన నా పూచీ లేదు" అనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ దుకాణం నడిచింది ఆ నోటి మీదే.

కౌంటర్లో కూర్చునే ఆయన భార్యా తక్కువదేం కాదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన అమ్మేసిన ఫ్రేమునే పట్టుకుని, "ఇది మీ మొహానికి నప్పలేదండీ" అని కొన్నవాడితో కుండబద్దలు కొట్టేది. అలాంటి మనిషి ఒకే ఒక్క మాట కడుపులో దాచుకుంది. ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పలేదు.

వాసన. మొదట్లో ఆయన త్రేన్చినప్పుడే వచ్చేది. మరుగుదొడ్డి వాసన, దాన్ని ఇంకోలా చెప్పడం కుదరదు. పళ్ళు సరిగ్గా తోమట్లేదనుకుని కొత్త బ్రష్షు కొనిపెట్టింది. తగ్గలేదు. చొక్కా జేబులో లవంగాలు వెయ్యడం మొదలుపెట్టింది. ఆయనేమో మురిసిపోయాడు. "ఈ వయసులో నా మీద ప్రేమ పుట్టుకొచ్చిందండీ మా ఆవిడకి!" అని వచ్చినవాళ్ళందరికీ ఆ లవంగాలు చూపించాడు. వాళ్ళు నవ్వుతూనే కాస్త వెనక్కి జరిగేవారు. ఆవిడ అది చూసేది. ఆయన మాత్రం చూడలేదు.

చెబుదామని చాలాసార్లు అనుకుంది. "ఏమండీ" అని పిలిచేది కూడా. "ఏంటోయ్?" అని ఆయన నవ్వుతూ ఇటు తిరిగేసరికి ఆవిడకి ప్రాణం ఒప్పేది కాదు. ఈ మాట అంటే మనిషి ఇక జన్మలో ఎవరి ముందూ నోరు విప్పడు. నోరు విప్పని మొగుణ్ణి ఆవిడ ఊహించుకోలేకపోయింది. గురక పెడుతున్నారని వంక చెప్పి పక్కగదిలో పడుకోవడం మొదలుపెట్టింది. పాపం ఆయన గురక పెట్టడు. అయినా తప్పయిపోయిందన్నాడు.

ఈలోగా మనిషి చిక్కి సగమయ్యాడు. తిన్నది తిన్నట్టే విరేచనంలో పోయేది. "వయసు మీద పడుతోంది, అరగట్లేదు" అని తేల్చేశాడు. మెడనొప్పికి ఏళ్ళ తరబడి మందుల షాపు మాత్రలు మింగేవాడు. అవి కడుపులో మంట పెడితే ఆ మంటకి మరో మాత్ర. చివరికి ఒక ఉదయం, కొత్త ఫ్రేము చేతిలో ఉండగానే కుప్పకూలిపోయాడు.

ఆసుపత్రిలో స్కాన్లు తీశారు. డాక్టరమ్మ అవి చూసుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"నోట్లోంచి ఈ వాసన ఎన్నాళ్ళ నుంచి వస్తోందండీ?"

"వాసనేంటమ్మా?" అన్నాడాయన.

డాక్టరమ్మ భార్య వైపు చూసింది. ఆయన కూడా చూశాడు.

"ఆరేడు నెలలైంది" అంది ఆవిడ, తల దించుకుని.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. "పొట్టలో పుండు పడింది. అది మానకుండా తొలుచుకుంటూ పోయి పక్కనున్న పెద్దపేగులోకి దారి చేసుకుంది. పేగులోది పొట్టలోకి వచ్చేస్తోంది, అదే ఈ వాసన. చాలా అరుదుగా జరుగుతుంది. అప్పుడే వచ్చుంటే ఆపరేషన్‌కి ఒంట్లో బలం ఉండేది. ఇప్పుడు చెయ్యకపోతే బతకరు. చేస్తే తట్టుకుంటారో లేదో చెప్పలేను."

ఆయన భార్య వైపు తిరిగాడు. "అయితే ఆ లవంగాలు అందుకా" అన్నాడు. అందులో కోపం లేదు. నాలుగు తిట్టినా ఆవిడకి బాగుండేది.

కాస్త బలం రావాలని నరంలోకి ఆహారం ఎక్కించారు. ఆ రోజుల్లో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. నర్సు అడిగితే తలాడించేవాడు. ఆవిడ దగ్గరికొస్తే గోడవైపు తిరిగేవాడు. ఆవిడ అటు వెళ్ళి కూర్చుంటే ఇటు తిరిగేవాడు.

"నాకేం వాసన రావట్లేదండీ" అంది. గురక మాట నమ్మినట్టు ఆయన ఈ అబద్ధం నమ్మలేదు. "నన్ను తిట్టండి. ఒక్క మాటనండి. మీకు దణ్ణం పెడతాను."

ఆయన దుప్పటి నోటిదాకా లాక్కున్నాడు. దాని వెనకనుంచే అన్నాడు, "దూరంగా కూర్చోవే. నీకు పడదు."

ఆపరేషన్ గదికి తీసుకెళ్ళే ముందు ఆవిడ నర్సుని పక్కకి నెట్టి, ఆ దుప్పటి తీసి పారేసి, ఆయన మొహానికి మొహం ఆనించింది. స్ట్రెచర్ పక్కనే తలుపు దాకా అలాగే వంగి నడిచింది. లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పలకరించడానికి వీధి వీధంతా వచ్చింది. అంత మాటకారి కదా, పోతూ పోతూ కూడా ఏదో ఒకటి అని నవ్వించే ఉంటాడని అందరి నమ్మకం. పక్క దుకాణం ముసలాయన ఉండబట్టలేక అడిగేశాడు. "చివర్లో ఏమన్నాడమ్మా?"

"ఏమీ అనలేదు బాబాయ్" అంది ఆవిడ. "నా మొహం దగ్గరున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు."