పెద్దాయన ఆగిన ఆదివారం

ఆ గ్రంథాలయంలో ఆయన్ని అందరూ రూటుగారు అంటారు. లినక్స్ నడిచే మిషన్లో సర్వాధికారాలూ ఉన్న ఖాతా పేరు రూట్. ఏ ఫైలునైనా చెరపగలడు, ఎవరినైనా బయటికి గెంటగలడు, అడిగేవాడు లేడు. ఎవరో వెటకారానికి పెట్టిన పేరది. ఆయన మాత్రం బిరుదిచ్చినట్టు పుచ్చుకున్నాడు. ఇంటి దగ్గర సంగతి వేరు లెండి, అక్కడ టీవీ రిమోట్ ముట్టుకోవాలన్నా అనుమతి కావాలి.

ఆయన రాజ్యమంతా మెట్ల కింద గది. విరిగిన కుర్చీలు, చీపుర్లు, వాటి మధ్య ఇనుప రాక్, అందులో బూడిదరంగు సర్వరు. దాని పేరు పెద్దాయన. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, కేటలాగు, సభ్యుల వివరాలు, అన్నీ దాని మీదే. అందులో వింతేముంది, ఏ సర్వరైనా చేసే పనే. పెద్దాయన గొప్పల్లా ఒక్కటే. పెట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు.

రోజూ పొద్దున్నే భుజాన బ్యాగు కూడా దించకుండా రూటుగారు నల్లటి తెర మీద 'అప్‌టైమ్' అని కొడతాడు. ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో మిషన్ చెబుతుంది. ఆ లెక్క నాలుగంకెలకు చేరిన రోజు ఆఫీసంతా స్వీట్లు పంచాడు. "ఆగకపోవడం కూడా గొప్పేనాండీ? మా ఇంట్లో ఫ్రిజ్ కూడా ఆగలేదు" అంది కౌంటరు దగ్గరి క్లర్కు. ఆవిడతో ఆయన చాలాకాలం మాట్లాడలేదు.

ఇంకో విశేషం. లినక్స్ లాంటి, ఎవరైనా విప్పి చూసి మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే ఆయనకు ప్రాణం. ఎవరు దొరికినా పట్టుకుని, "ఉచితం అని కాదండీ, స్వేచ్ఛ! మన మిషన్ మన మాట వినాలి, మనం దాని మాట వినకూడదు" అని ఉపన్యాసం దంచేవాడు. అలా దంచే మనిషి ఏళ్లుగా ఊరు దాటలేదు. మరదలి పెళ్లికి వెళ్లలేదు. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కు అప్‌డేట్లు వేస్తే మిషన్ని ఒకసారి ఆపి లేపాలి కాబట్టి అవీ వేయలేదు. తాళం పాతదైంది, మార్చండి అని లోకమంతా మొత్తుకుంటుంటే, తలుపు మూయాల్సొస్తుందని మార్చనివాడిని ఏమనాలి? ఆయన మాత్రం దాన్ని నిష్ఠ అనేవాడు.

ఆ నిష్ఠకు పరాకాష్ఠగా ఆయన చెప్పుకునే కథ ఒకటుంది. మావగారు ఆసుపత్రిలో చివరి ఘడియల్లో ఉన్నారు. సరిగ్గా ఆ రోజే వీధి మొత్తానికి కరెంటు పోయింది. యూపీఎస్ కూతలు పెట్టడం మొదలైంది. భార్య ఫోన్ల మీద ఫోన్లు. ఈయన ఎక్కడి నుంచో జనరేటరు తెప్పించి, దాని పక్కనే కూర్చుని పెద్దాయన్ని కాపాడాడు. "ఆ రోజు సెలవు. బిల్డింగులో ఇంకో నరమానవుడు లేడు. ఒంటిచేత్తో నిలబెట్టాను" అని ముగించేవాడు. వినేవాళ్లు "అబ్బో" అనేవాళ్లు. ఆయనకు మావగారంటే ఇష్టం లేక కాదు. చాలా ఇష్టం. అందుకే దాన్ని త్యాగం అనుకున్నాడు.

అలాంటి మనిషి నెత్తిన లైబ్రేరియన్ మేడమ్ పిడుగు వేసింది.

"వైరింగ్ పాతదైపోయిందండీ. ఈ ఆదివారం కింది అంతస్తంతా కరెంటు తీసేస్తారు. సర్వరు ఆపేసి పై గదిలో పెట్టుకోండి."

"ఆపడమా!"

"ఆదివారం మనకి సెలవేగా. ఎవరొస్తారు?"

"మేడమ్, ఏళ్ల తరబడి తిరిగిన డిస్కులవి. ఒక్కసారి ఆగితే మళ్లీ తిరుగుతాయన్న నమ్మకం లేదు. ఆపకుండానే పైకి చేరుస్తాను. నాదీ పూచీ."

మేడమ్, మీ ఇష్టం అని లేచిపోయింది. తిరుగుతున్న డిస్కుల్ని కుదుపుల్లో మోయడం కంటే ఆపి మోయడమే క్షేమమని ఒకప్పుడు పదిమందికి పాఠం చెప్పింది ఈయనే. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆదివారం రానే వచ్చింది. భార్య కూడా వచ్చింది. ఆవిడ నర్సు. ఆ మధ్యాహ్నం చెల్లెలింట్లో భోజనం. పెళ్లికి రాని బావని ఈసారైనా చెవి పట్టుకుని తెమ్మని చెల్లెలు మరీ మరీ చెప్పింది. "పావుగంటలో తేలిపోతుందే" అన్నాడు రూటుగారు. ఆ పావుగంట కొలత ఆవిడకు కొత్తేం కాదు, హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి చేతులు మడిచింది.

పెద్దాయనకు కరెంటు తీగలు రెండు. ఒకటి పీకినా రెండోదాని మీద నడుస్తుంది. రూటుగారు ట్రాలీ మీద యూపీఎస్ పెట్టి, మొదటి తీగ పీకి దానికి గుచ్చాడు. ఊపిరి బిగపట్టి రెండోదీ గుచ్చాడు. ఫ్యాన్ల హోరు తగ్గలేదు. ఆయన ముఖం చేటంత అయింది.

"ఏమండీ, మా ఐసీయూలో పేషెంటుని కూడా ఇంత జాగ్రత్తగా మార్చం" అంది భార్య, నెట్‌వర్క్ కేబులు చుట్టను సెలైన్ సీసాలా ఎత్తి పట్టుకుంటూ.

"మాట్లాడకే, మెట్టు!"

మెట్ల మీద ఎలక్ట్రీషియన్, అతని జతగాడు చెరో వైపు పట్టారు. "సార్, ఇందులో ఎవరైనా ఉన్నారా ఏంటి?" అన్నాడు ఎలక్ట్రీషియన్ చెమట తుడుచుకుంటూ. మలుపు దగ్గర ట్రాలీ ఒరిగింది. రూటుగారు గావుకేక పెట్టి యూపీఎస్‌ని కౌగిలించుకున్నాడు. కన్నబిడ్డ బారసాలలో కూడా అంత గట్టిగా ఎత్తుకోలేదని భార్యకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది గానీ పైకి అనలేదు.

మొత్తానికి పై గది చేరారు. గోడ ప్లగ్గుల్లోకి ఒక తీగ, తర్వాత ఇంకొకటి. రూటుగారు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. అందులో రెండు నల్ల కిటికీలు. ఒకటి ల్యాప్‌టాప్‌దే, రెండోది పెద్దాయనతో మాట్లాడేది. చూడ్డానికి కవల పిల్లలే. 'అప్‌టైమ్' అని కొట్టాడు. లెక్క చెక్కుచెదరలేదు!

"చూశావా? చూశావా? రాసి పెట్టుకో, ఇలాంటిది ఎవడూ చేసి ఉండడు!"

"ఎవడు చేస్తాడు సార్" అన్నాడు ఎలక్ట్రీషియన్ భక్తిగా, కిందికి దిగిపోతూ.

"అయిందిగా, పదండి. చెల్లెలు అన్నం ముందు కూర్చుని ఉంటుంది" అంది భార్య.

"ల్యాప్‌టాప్ ఆపేసి వచ్చేస్తున్నా."

మౌసుతో బొమ్మ నొక్కి ఆపడం ఆయనకు నామోషీ. అది మామూలు జనం పని. ఏళ్ల అలవాటుతో, తెర వంక చూడకుండా, ఆవిడ వంక చూసి నవ్వుతూ, 'పవర్ ఆఫ్' అని ఆజ్ఞ కొట్టి ఎంటర్ నొక్కాడు.

ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంది. వెనకాల హోరు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

ఏ కిటికీలో కొడుతున్నావో చూసుకుని కొట్టరా నాయనా అని ఊరందరికీ చెప్పిన మనిషి! రూటు ఆజ్ఞాపిస్తే లినక్స్ ఎందుకని అడగదు. యజమాని మాట వినడమే దాని స్వేచ్ఛ. విన్నది.

రూటుగారు కుప్పకూలినట్టు కుర్చీలో పడ్డాడు. భార్య నర్సు కదా, ముందు ఆయన నాడి చూసింది. "ఏమైందండీ? ఇలా చూడండి."

"చంపేశాను. నా చేత్తో నేనే చంపేశాను."

"మళ్లీ నొక్కి చూడండి ముందు."

లేచి పెద్దాయన మీదున్న బొటనవేలంత మీట నొక్కాడు. ఫ్యాన్లు ఒక్కసారి గయ్యిమన్నాయి. డిస్కులు గరగరలాడాయి. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరచేసరికి తెర మీద వరసగా అక్షరాలు పరిగెత్తాయి, తర్వాత లాగిన్ అడిగింది. కేటలాగు వచ్చింది. సభ్యులు వచ్చారు. ఒక్క పుస్తకం కూడా పోలేదు. అప్‌టైమ్ మాత్రం రెండు నిమిషాలు అని చూపించింది.

"లేచింది!" ఆయన ఏడుస్తూ నవ్వాడు. లెక్క పోయిన దిగులు, ప్రాణం నిలిచిన సంతోషం, రెండూ కలిసి ముక్కు కారింది. "లేచిందే! బంగారుకొండ, లేచింది!"

భార్య నవ్వలేదు. తెర మీది ఆ రెండు నిమిషాలనే చూస్తోంది.

"ఇంతేనా?" అంది.

"ఏంటి ఇంతేనా?"

"ఆపి లేపడానికి ఇంతే పడుతుందా?"

"ఊఁ. కానీ లేవకపోతే అని..."

"లేచిందిగా." ఆవిడ ఖాళీ అట్టపెట్టె మీద కూర్చుంది. "నాన్న తలుపు వైపే చూస్తున్నారండీ ఆ రోజు. అల్లుడేడమ్మా అన్నారు. ఆయనొస్తే మిషన్ పోతుంది నాన్నా, ఊరందరి పుస్తకాలూ అందులోనే ఉన్నాయి అని చెప్పాను. అయితే రావద్దని చెప్పమ్మా, పాపం ఎంత పనిలో ఉన్నాడో అన్నారు. అదే ఆయన ఆఖరి మాట."

రూటుగారికి ఈ సంగతి ఇంతవరకూ తెలియదు. ఇన్నాళ్లూ తను పదిమందికీ చెప్పిన కథలో ఈ ముక్క లేదు.

"నాకూ ఆ రోజు రావాలనే..." అన్నాడు.

కింద నుంచి ఎలక్ట్రీషియన్ అరిచాడు. "సార్! పై లైను కూడా ఒకసారి తియ్యాలి! మీ పెద్దాయన్ని మళ్లీ ఎక్కడికి ఊరేగిద్దాం?"

రూటుగారు ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లాడు. ఈసారి ఏ కిటికీయో రెండుసార్లు చూసుకుని, అదే ఆజ్ఞ కొట్టాడు. హోరు ఆగేదాకా నిలబడ్డాడు. "తీసెయ్ బాబూ" అన్నాడు. అతనికి వినిపించలేదేమో, మళ్లీ గట్టిగా అన్నాడు.

వెనక్కి తిరిగితే భార్య లేదు. గబగబా మెట్లు దిగి, గేటు దగ్గర అందుకున్నాడు.

"నేనొక్కదాన్నే వెళ్తాలెండి. మీకు పనుంటుంది" అంది ఆవిడ, ఆయన వైపు చూడకుండా.

"లేదే. ఇప్పుడు నాకు పనేం లేదు."

ఆవిడ గేటు గడియ తీసింది.

"అప్పుడూ లేదు కదండీ" అంది.