రెండో ట్రాక్

మా బావగారు పట్టుదల గల మనిషి. ఆ పట్టుదల పనికొచ్చే విషయంలో ఉంటే ఇంటిల్లిపాదీ బాగుపడేవాళ్ళం. అది కాస్తా టీవీలో వచ్చే బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మీద పడింది. కంప్యూటర్‌లో ట్యూనర్ కార్డు బిగించి, కేబుల్ వైరు దానికి తగిలించి, కనబడిన ప్రోగ్రామునల్లా రికార్డు చేసేవారు. చేసినదాన్ని కూర్చుని చూసిన పాపాన పోలేదు. వార్తలు చదివే ఆయన కోటు గుండీని తెరంత పెద్దది చేసి, అంచులు చెదిరాయా లేదా అని పరీక్షించి, చెరిపేసి, సెట్టింగులు మార్చి మళ్ళీ మొదలుపెట్టేవారు. గుండీ బాగా వచ్చిన రోజు అన్నం కూడా ఎక్కువ తినేవారు.

అక్కకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ, ఒళ్ళో పలక. సాయం చేద్దామని వచ్చిన చెల్లెల్ని, నేను అక్కడే ఉండిపోయాను. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తల్లోనే బావగారు వీధి గుమ్మంలో నిలబడి, "ఇన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉందండీ" అని పక్కింటాయనతో నవ్వుతూ అన్నారు. అక్క తలుపు వెనకే ఉంది. పోయింది గొంతే కానీ చెవులు కాదు కదా.

ఫోనులో గొంతులు దాచుకునే రోజులు అప్పటికింకా రాలేదు. ఉన్న ఒక్క పెళ్ళి వీడియోలోనూ ఫోటోలాయన మనుషుల మాటలన్నీ తీసేసి మొదటి నుంచి చివరిదాకా పాటలు అతికించాడు. అక్క గొంతు ఈ భూమ్మీద ఒక్కచోటే మిగిలింది. పెళ్ళికి ముందు ఆమె ఒక టీవీ నాటకంలో వేసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు వేషం. నాటకం నిండా ఆమె అందరికీ లైన్లు కలుపుతూ ఉంటుంది. "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అన్న ముక్క ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ ఊతపదమైపోయింది.

పాత నాటకాలు మళ్ళీ వేస్తున్నామని, వాటిలో ఇదీ ఉందని ఒక చానెల్ ప్రకటించింది. నేను వాళ్ళకు ఫోన్ చేసి బతిమాలాను. కాపీలు బయటివాళ్ళకు ఇవ్వరట. వేసేది ఒక్కసారేనట, ఆ తర్వాత టేపు తిరిగి వెళ్ళిపోతుందట. అక్క పలక మీద 'నా గొంతు' అని రాసి, చుట్టూ సున్నా చుట్టి బావగారి ముందు పెట్టింది.

"నేనుండగా నీకెందుకే దిగులు" అన్నారాయన. ఆ మొహంలో వెలుగు చూసి నేను కూడా మోసపోయాను. అది పెళ్ళాం మీద ప్రేమ అనుకున్నాను. తీరా చూస్తే ఆయన కార్డుకి తగిన పని దొరికిన సంబరం.

ఇక అక్కడి నుంచి మా చెవులకు విశ్రాంతి లేదు. బొమ్మను కుదించి దాచడానికి కోడెక్‌లని ఉంటాయట, ఒక కోడెక్ వాడితే ఫైలు చిన్నదవుతుంది కానీ మొహం మీద గళ్ళు పడతాయట. ఇంకో కోడెక్ అన్నీ దాస్తుంది కానీ డిస్కు నిండిపోతుందట. మనిషి చెయ్యి ఊపితే అంచున దువ్వెన పళ్ళలా గీతలు వస్తాయట, వాటిని కలిపి కుట్టడానికి మళ్ళీ వేరే సెట్టింగట. చోటు చాలక డిస్కులో ఉన్న పెళ్ళి వీడియో చెరిపేశారు. ఎలాగూ పాటలే కదా అన్నారు. తెర అడుగున ఆ చానెల్ వాళ్ళు ఏవో అక్షరాలు పరిగెత్తిస్తుంటే, బొమ్మ పాడవుతోందని విసుక్కుని, చదవకుండానే ఆ పట్టీ మేర కత్తిరించేలా ప్రోగ్రాముకి చెప్పారు.

అక్క పలక ఎత్తి చూపింది. 'సౌండ్?'

సౌండుదేముంది, చిటికెలో పని అన్నారు. ఆ చానెల్లో సౌండుకి రెండు ట్రాకులు కనబడ్డాయి. ఆయన ప్రోగ్రాము ఒకదాన్నే పడుతుంది. మొదటి దాని పక్కన నాణ్యత అంకె నూట ఇరవై ఎనిమిది అని, రెండో దాని పక్కన మూడొందల ఎనభై నాలుగు అని ఉంది. వార్తల మీద పరీక్షిస్తే రెండింటిలోనూ ఒకే మాట వినిపించింది. ఇంకేం, పెద్దది ఉండగా చిన్నది ఎవడు తీసుకుంటాడని రెండోది నొక్కేశారు. కోటు గుండీకి వారాలు పట్టిన మనిషికి అక్క గొంతుకి ఒక్క నొక్కు సరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం నాటకం. వైరు రెండు పాయలు చేస్తే సిగ్నల్ నీరసిస్తుందని టీవీకి వైరు పీకేశారు. రికార్డయ్యేటప్పుడు చూపిస్తే కంప్యూటర్‌కి భారమై ఫ్రేములు జారిపోతాయని తెర ఆపేశారు, స్పీకర్లూ ఆపేశారు. అక్క తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. 'పక్కింట్లో వింటాను. ఒక్కసారి' అని రాసింది.

"వాళ్ళ డబ్బా టీవీలో, వాళ్ళ పిల్లల గోలలో వింటావా? నేనింత చేస్తుంటే పక్కింటికి పోయి నా పరువు తీస్తావా? రేపటి నుంచి కావలసినన్నిసార్లు విను" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. వెళ్తే మీ సొమ్మేం పోయిందని నిలదీశాను. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. ఆమె అంతే, గొంతున్న రోజుల్లోనూ అంతే. ఇద్దరం ముందుగదిలో కూర్చున్నాం. గోడ అవతల పక్కింటి టీవీ మోగుతూనే ఉంది. ఒక్క ముక్కా తెలియలేదు. అక్క మాత్రం నాటకం అయ్యేదాకా గోడకేసి తల వాల్చే ఉంది.

అయిపోయాక బావగారు కుర్చీలు వేయించి, కర్టెన్లు మూయించి, ఫైలు తెరిచారు. బొమ్మ అద్భుతంగా వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. స్విచ్‌బోర్డు మీద గీతలు కనబడుతున్నాయి. పాతికేళ్ళు కూడా నిండని మా అక్క, చెవులకు చిన్న దుద్దులు, నుదుటి మీద తప్పించుకున్న వెంట్రుక. నాకు ఏడుపొచ్చింది. అక్క ముందుకు వంగింది. తెర మీది అక్క వైరు తీసి బోర్డులో గుచ్చి, నోరు తెరిచింది.

లావుపాటి గొంతు ఒకటి వచ్చింది. ఎవరో పెద్దావిడ, మాకెవరికీ రాని భాషలో, తాపీగా మాట్లాడుతోంది. పెదవులు అక్కవి. మాట ఆమెది.

అక్క చెయ్యి మెడ మీది గుడ్డ దగ్గరకు పోయింది.

బావగారు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వేశారు. మళ్ళీ ఆమే. ఫైల్లో ఇంకో ట్రాకు లేదు. పాత నాటకాలకు రెండో ట్రాకులో వేరే భాష డబ్బింగు వేస్తారన్న సంగతి ఆయన కత్తిరించిన పట్టీలోనే పరిగెత్తి ఉంటుంది. ఆయన మాత్రం చానెల్ వాళ్ళను కాసేపు తిట్టి, తేరుకుని, బొమ్మను ఆపి దుద్దును పెద్దది చేశారు. రాయి మెరుపు చూడమన్నారు.

అక్క పలక తుడిచి మళ్ళీ అదే రాసింది. 'నా గొంతు?'

ఆయన చదివారు. తప్పు చేసినవాడికి వచ్చే కోపం ఆయనకు వచ్చింది.

"గొంతు, గొంతు. నీ గొంతేమంత గొప్పది? ఇన్నేళ్ళు విన్నవాణ్ణి చెప్తున్నా, దానికన్నా ఈవిడ గొంతే నయం."

సరిగ్గా అప్పుడే పక్కింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసి, నాటకం చూశామని, అక్క గొంతు ఎంత నిండుగా ఉందో అని, ఆ ఫోను ముక్క పిల్లలు అప్పటి నుంచీ అంటూనే ఉన్నారని చెప్పి వెళ్ళింది. పాపం, సంతోషపెడదామనే వచ్చింది.

బావగారు సిగ్గుపడి లేచిపోతారనుకున్నాను. లేవలేదు. ఈసారి నుంచి రెండు ట్రాకులూ పట్టే ప్రోగ్రాము చూడాలని గొణుక్కుంటూ సెట్టింగులు తెరిచారు.

నేను అక్కను వంటగదిలోకి తీసుకుపోయాను. ఆమె పలక మీద 'ఎలా ఉండేది?' అని రాసి నా ముందు పెట్టింది. పెళ్ళి కాకముందు ఫోనెత్తితే అవతలివాళ్ళు మా ఇద్దరిలో ఎవరో పోల్చుకోలేకపోయేవారు. అంచేత ఇది నాకు కష్టం కాదనుకున్నాను. నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అన్నాను.

లావుగా, తాపీగా వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ ఆ పెద్దావిడే వచ్చింది. అక్క గొంతు కోసం ఎంత వెతికినా నా చెవిలో ఆమే మాట్లాడుతోంది.

అక్క కాసేపు నా నోటికేసి చూసింది. తర్వాత చీర కొంగుతో పలక తుడిచేసి, మూల నిలబెట్టి, స్టవ్ వెలిగించింది.